ఫోన్ బోర్లించి పెట్టక్కర్లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఉద్యోగం చేస్తాను, ఇద్దరు పిల్లలు. మూడేళ్లుగా రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో హిస్టారికల్ రొమాన్స్‌లు, పారానార్మల్ రొమాన్స్‌లు చదువుతున్నాను. డ్యూకులు, తోడేళ్లుగా మారే వీరులు, రక్తం తాగే ప్రేమికులు, ఇవే లోకం. గదిలోకి ఎవరైనా వస్తే ఫోన్ బోర్లించేస్తాను. ఒకసారి మా ఆయన స్క్రీన్ మీద అట్ట బొమ్మ చూసి నవ్వి, "ఈ వయసులో ఇవా?" అన్నారు. మా అక్క అయితే "అంత చదువు చదివి ఈ చెత్తా?" అంది. వాళ్ల సంగతి అలా ఉంచితే నాకే ఒక అనుమానం. ఇప్పుడు చదువుతున్న నవలలో తోడేలు హీరో "నీ క్షేమం కోసమే" అంటూ హీరోయిన్‌ని కోట గదిలో పెట్టి తాళం వేశాడు. నిజంగా ఎవరైనా అలా చేస్తే నేను ఊరుకోను. కానీ ఆ సీన్ చదువుతుంటే గుండె దడదడలాడింది, బాగుంది కూడా. నాలో ఏదైనా లోపం ఉందా? పుస్తకం అక్కడే ఆపేశాను. పూర్తి చేయాలా? అసలు ఇవన్నీ మానేయాలా?
పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మానేయకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది మీరు కాస్త స్థిమితంగా చదువుతారు. మీలో లోపమూ లేదు. ఆ పుస్తకం పూర్తి చేయాలా వద్దా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను, చివర్లో దాని దగ్గరికి వస్తాను.

నేను ఇరవై ఏళ్లుగా ఈ నవలలు చదువుతున్నాను. మొదట్లో ఒకసారి రైల్లో ఎదుటి సీటాయన ఏం చదువుతున్నారని అడిగితే, పుస్తకం ఒళ్లో బోర్లించి "చరిత్ర పుస్తకమండీ" అన్నాను. ఆయన సంబరపడి చరిత్ర గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. దిగాల్సిన స్టేషన్ వచ్చేదాకా ఆ పుస్తకం మళ్లీ తెరవలేకపోయాను. మంచి సీన్ మధ్యలో ఆగిపోయిందన్న బాధ కంటే, నాకు అంత ఇష్టమైనదాన్ని నేనే కాదన్నానన్న బాధ ఎక్కువసేపు ఉంది. మీరు ఫోన్ బోర్లించడం గురించి రాసింది చదవగానే అది గుర్తొచ్చింది.

మనం కొత్తగా నేర్చుకున్న పని కాదు లెండి ఇది. ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టిన్ 'నార్తాంగర్ ఆబీ' నవలలో సరిగ్గా ఇదే రాసింది. ఏం చదువుతున్నావని అడిగితే ఒక అమ్మాయి, ఆ ఏముంది, ఉత్త నవలే అంటూ, పట్టనట్టు నటించో, ఓ క్షణం సిగ్గుపడో పుస్తకం పక్కన పెట్టేస్తుందట. ఆస్టిన్ చనిపోయిన కొన్ని నెలలకు, 1817 డిసెంబర్‌లో ఆ నవల వెలువడింది. మనుషుల స్వభావాన్ని ఇంత బాగా చూపించే రచనల్ని తక్కువ చేస్తారేం అని ఆవిడ అక్కడ కథ ఆపి మరీ కోప్పడుతుంది.

ఆ నవల హీరోయిన్ కాథరీన్‌కి కూడా మీలాగే కోటలు, చీకటి గదులు, రహస్యాల కథలంటే ప్రాణం. ఒక జనరల్ గారింటికి అతిథిగా వెళ్లి, చదివిన కథల ప్రభావంతో, ఆయన తన భార్యను ఏదో చేసి ఉంటాడని ఊహించేసుకుంటుంది. అది తప్పని తేలాక సిగ్గుతో తల దించుకుంటుంది. చాలామంది అక్కడిదాకే గుర్తుపెట్టుకుని, నవలలు చదివితే బుర్ర పాడవుతుందని చెప్పడానికి వాడుకుంటారు. తర్వాత జరిగింది చూడండి. తను అనుకున్నంత ఆస్తి ఆ పిల్లకు లేదని తెలియగానే అదే జనరల్ ఆమెను ఉన్నపళంగా ఇంట్లోంచి పంపించేస్తాడు. తోడుగా పనిమనిషి కూడా లేదు, దారి డెబ్భై మైళ్లు. హత్య మాట అబద్ధమే అయినా మనిషి మంచివాడు కాడన్న అనుమానం నిజమే అయింది. భయం కథలు చదివిన పిల్లకి ఆ ఇంట్లో ఏదో తేడాగా ఉందని ముందే అనిపించింది.

ఇక తాళం సీన్. గుండె దడదడలాడిందనీ, బాగుందనీ ఒకే వాక్యంలో రాశారు. రెండూ ఒకేసారి ఎలా అంటే, మీ చేతిలో ఒక హామీ ఉంది. 'రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా' అనే రచయితల సంఘం ఒక నవలని రొమాన్స్ అనడానికి రెండే రెండు షరతులు చెప్పింది. కథకు ప్రేమే కేంద్రం కావాలి, ముగింపు మనసుకు తృప్తిగా, ఆశగా ఉండాలి. విషాదంతో ముగిస్తే అది గొప్ప ప్రేమకథ కావచ్చు గానీ రొమాన్స్ కిందకు రాదు. అంటే మొదటి పేజీ తెరిచేటప్పటికే ఆమెకేం కాదనీ, చివరికి తనే గెలుస్తుందనీ మీకు తెలుసు. ఆ ధీమాతోనే భయపడటానికి ఒప్పుకున్నారు. అమ్మ ఒళ్లో కూర్చున్న పిల్ల రాక్షసుడి కథ మళ్లీ చెప్పమని గునుస్తుంది చూడండి, అలాంటిదే. అదే పిల్లను చీకట్లో ఒంటరిగా వదిలేసి అదే కథ చెబితే కెవ్వుమంటుంది.

ఆ హామీ పుస్తకం లోపల మాత్రమే చెల్లుతుంది. బయట చెల్లదని మీకు తెలుసు. "నిజంగా అలా చేస్తే ఊరుకోను" అని రాసింది మీరే కదా.

చరిత్ర నవలల్లో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. వాటిలో సగానికి పైగా రీజెన్సీ కథలే అనిపిస్తుంది నాకు. ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి మతి చలించి పాలించలేని స్థితి వస్తే, 1811లో కొడుకు రాజప్రతినిధిగా పగ్గాలు పట్టాడు. 1820లో తండ్రి పోయి ఆయనే రాజయ్యేదాకా సాగిన కాలం అది. పట్టుమని పదేళ్లు లేని ఆ కాలాన్ని ఒక పూర్తి లోకంలా కట్టింది జార్జెట్ హేయర్. 1935లో వచ్చిన 'రీజెన్సీ బక్' దగ్గర్నుంచి ఆమె రాసిన రీజెన్సీ నవలలే ఇప్పటి రచయితలకు బాట. ఏ బండికి ఎన్ని గుర్రాలు, ఎవరిని ఏమని పిలవాలి, అప్పటి కుర్రాళ్లు ఎలా తిట్టుకునేవారు, అన్నీ ఆమె నోట్సు రాసుకునేది.

నేను ఈ నవలలకు ఎందుకు దాసోహమయ్యానో చెప్పడానికి ఒక్క సీన్ చాలు. ఇది విక్టోరియా రాణి కాలం నాటి కథల్లో మాటిమాటికీ వస్తుంది. ఆమె చేతికి మోచేయి దాకా తొడుగు. మణికట్టు దగ్గర మూడు చిన్న ముత్యపు గుండీలు. అతను మొదటి గుండీ తీసి ఆగుతాడు, ఆమె ముఖం వైపు చూస్తాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోదు. రెండోది తీస్తాడు, మళ్లీ ఆగుతాడు. మూడోది వచ్చేసరికి ఆమే చెయ్యి కాస్త ముందుకు జరుపుతుంది. అరచేతిలో రూపాయి బిళ్లంత చోటు కనిపించడానికి మంచి రచయిత రెండు పేజీలు తీసుకుంటుంది. ఒక పదం కూడా ఎక్కువ అనిపించదు. చుట్టూ అన్ని కట్టుబాట్లు ఉన్న లోకంలో ఆ రెండు పేజీల్లో ఆమెను అడిగినవాడు అతనొక్కడే.

ఇప్పుడు పుస్తకం బయటికి రండి. అలాంటి అమ్మాయి ఆ రోజుల్లో నిజంగా పెళ్లి చేసుకుంటే? రీజెన్సీ రోజుల్లో అయితే, ఇంగ్లండ్‌లో 1753 నాటి వివాహ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండకపోతే పెద్దల అనుమతి లేకుండా లైసెన్సు దొరకదు. ఆ చట్టం స్కాట్లండ్‌కి వర్తించదు కాబట్టే ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి పారిపోయేవారు. నవలల్లో బండ్లు రాత్రింబవళ్లు ఉత్తరానికి పరుగెత్తేది అందుకే. ఆ పరుగు బాగానే ఉంటుంది. పెళ్లయిన మర్నాటి నుంచే అసలు సంగతి మొదలవుతుంది. చట్టం దృష్టిలో ఆమె ఆస్తి అతనిది, సంపాదన అతనిది, పిల్లలూ అతని వాళ్లే. 1857 దాకా విడాకులు కావాలంటే పార్లమెంటు ఆ ఒక్క జంట కోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సిందే.

కెరొలైన్ నార్టన్ అనే రచయిత్రి 1827లో పెళ్లి చేసుకుంది. భర్త కొట్టేవాడు. 1836లో విడిపోయాక ముగ్గురు కొడుకుల్నీ తనకు దూరం చేశాడు. చట్టం అతని వైపే ఉంది. ఆమె కథలు, కవితలు రాసి సంపాదించిన డబ్బు మీద కూడా హక్కు అతనిదే. ఆమె ఊరుకోలేదు. కరపత్రాలు రాసింది, తెలిసిన నాయకుల చుట్టూ తిరిగింది. ఆ పోరాటం ఫలితంగా 1839లో, ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని తల్లి కోర్టును అడిగే వీలు వచ్చింది. 1842లో ఆమె చిన్న కొడుకు గుర్రం మీంచి పడి జబ్బుపడ్డాడు. కబురందుకుని ఆమె వెళ్లేసరికే పోయాడు. పెళ్లైన ఆడవాళ్ల సంపాదన వాళ్లదేనని చట్టం ఒప్పుకున్నది 1870లో, ఆస్తి మొత్తం మీద హక్కు ఇచ్చింది 1882లో.

ఇదంతా మీ ఆనందం చెడగొట్టడానికి చెప్పలేదు. నార్టన్ గురించి తెలిశాక ఆ గ్లోవ్ సీన్ నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. ఈ నవలల్లో అసలైన కల ఏమిటో అప్పుడు అర్థమైంది. కోట, నగలు, డ్యూక్ బిరుదు, ఇవన్నీ పై పై మెరుపులు. చట్టం, డబ్బు, బలం అన్నీ తన వైపే ఉన్న మగవాడు వాటిని ఆమె మీద వాడకుండా, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటుందేమోనని ఆగి చూస్తాడు. మనం మళ్లీ మళ్లీ చదివేది ఆ ఆగడం కోసమే.

ఈ కలను ఈ నవలలు మొదటి నుంచీ సరిగ్గా చెప్పలేదు, అది ఒప్పుకోవాలి. ఇప్పటి హిస్టారికల్ రొమాన్స్‌కి మొదలని చెప్పుకునే కాథ్లీన్ వుడివిస్ నవల 'ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్' 1972లో వచ్చింది. అందులో హీరో మొదట్లోనే హీరోయిన్‌ని బలాత్కరిస్తాడు, తర్వాత అతన్నే ప్రేమిస్తుంది. ఆడపిల్ల తనంతట తాను కోరుకోవడమే తప్పనుకునే కాలం కాబట్టి, బలవంతం అనే సాకుతో కోరికను కథలోకి తెచ్చారని నేననుకుంటాను. కారణం ఏదైనా ఆ పుస్తకాన్ని నేను ఇంకొకరికి ఇవ్వను.

పారానార్మల్‌కి వస్తే, మీకు ఇష్టమైన ఈ రెండు రకాలూ ఒక్క కాలంలోనే వేరు పోసుకున్నాయి. 1816 వేసవిలో వాన, చలి వదలక, జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో ఇంగ్లిష్ కవులు బైరన్, షెల్లీ, షెల్లీకి కాబోయే భార్య మేరీ, బైరన్ వెంట వచ్చిన డాక్టర్ పొలిడోరి దయ్యం కథలు రాయాలని పందెం వేసుకున్నారు. పొలిడోరి తర్వాత రాసిన 'ది వ్యాంపైర్' 1819లో, అంటే ఇంకా రీజెన్సీ నడుస్తుండగానే అచ్చయింది. అంతకుముందు పల్లె కథల్లో రక్తపిశాచి అంటే ఉబ్బిన శవం. పొలిడోరి దాన్ని లండన్ విందుల్లో తిరిగే ప్రభువుగా మార్చాడు. పాలిపోయిన ముఖం, ఎవరినీ లెక్కచేయని చూపు. మీ డ్యూకుకీ మీ వ్యాంపైర్‌కీ పోలికలు ఊరికే రాలేదు. ఆ కథలో హామీ మాత్రం లేదు. అతన్ని పెళ్లాడిన అమ్మాయి ఆ రాత్రే చనిపోతుంది.

1897లో 'డ్రాకులా'లో బ్రామ్ స్టోకర్ ఒక నియమం రాశాడు. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు రమ్మని పిలిస్తే తప్ప ఆ పిశాచి మొదటిసారి గుమ్మం దాటలేదు. ఇప్పటి పారానార్మల్ రచయితలు ఈ ఒక్క నియమాన్ని పట్టుకుని ఎన్ని మంచి సీన్లు రాశారో లెక్కలేదు. బయట వాన. లోపల ఆమె, చేతిలో దీపం. గుమ్మం అవతల అతను. వందమందిని చంపగల బలం ఉన్నవాడు, జుట్టులోంచి నీళ్లు కారుతుంటే, "లోపలికి రానా?" అని అడుగుతాడు. ఆమె వద్దంటే అక్కడే నిలబడతాడు. ముత్యపు గుండీ దగ్గర ఆగిన చెయ్యీ, గుమ్మం దగ్గర ఆగిన ఈ కాలూ ఒకటే.

తోడేళ్ల కథల్లోనే నాకు ఎక్కువ పేచీ. 'ఆల్ఫా', అంటే మందను బలంతో ఏలే నాయకుడు, అన్న మాట అడ్డం పెట్టుకుని హీరో చేత ఎంత దురుసు పనైనా చేయిస్తారు, అది వాడి జాతి స్వభావమంటారు. ఆ మాట 1947లో బంధించి ఉంచిన తోడేళ్ల మీద రుడాల్ఫ్ షెంకెల్ చేసిన పరిశీలన నుంచి వచ్చింది. డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకంతో జనంలోకి వెళ్లింది. అడవిలో ఏళ్ల తరబడి చూశాక అదే మెక్ 1999లో, స్వేచ్ఛగా బతికే తోడేళ్ల మంద అంటే మామూలుగా అమ్మ, నాన్న, పిల్లలు ఉన్న కుటుంబమనీ, ఆ పేరు వాటికి సరిపోదనీ రాశారు. అపరిచితుల్ని ఒకే ఆవరణలో బంధిస్తే వచ్చిన కొట్లాటని స్వభావం అనుకున్నారన్నమాట. కాబట్టి "నేను ఆల్ఫాని, నేనింతే" అని ఏ హీరో అయినా అంటే, నిజం తోడేళ్లు కూడా అంతలా ఉండవని గుర్తుంచుకోండి.

'ఫేటెడ్ మేట్' అన్నది కూడా అంతే. నువ్వే నాకు రాసిపెట్టి ఉన్నావని రక్తమే చెప్పడం అంటే, ఆ ముగింపు హామీని మొదటి అధ్యాయంలోకే తెచ్చిపెట్టుకోవడం. అలసిపోయిన రాత్రి అలాంటి కథ ఎంత ఓదార్పో నాకు తెలుసు. ఎవరూ వదిలిపోరన్న భరోసా ఉంటుంది. మంచి రచయిత ఆ ముడి వేశాక కూడా ఆమెకు కాదనే హక్కు ఉంచుతుంది, అతను ఆమె ఒప్పుకునేదాకా నలుగుతూ ఎదురుచూస్తాడు. రక్తం చెప్పింది కాబట్టి నీ మాటతో పనిలేదు అనే హీరో వస్తే నేను అక్కడితో ఆ పుస్తకం మూసేస్తాను.

మీవారి సంగతి. జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు అమెరికాలో ఒక ఊళ్లో రొమాన్స్‌లు విపరీతంగా చదివే ఆడవాళ్లతో మాట్లాడి 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' పుస్తకం రాసింది. కథల గురించి అడుగుదామని వెళితే వాళ్లు చదవడం అనే పని గురించే చెప్పారు. పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆ కాసేపూ నేను ఎవరి అమ్మనీ, ఎవరి భార్యనీ కాను, ఇది నా టైమ్ అన్నది వాళ్ల మాటల సారం. అందరూ పడుకున్నాక మీరు దొరకబుచ్చుకునేదీ అదే. మీవారు నవ్వింది అట్ట బొమ్మ చూసి. లోపల ఏముందో ఆయనకు తెలియదు. పుస్తకం మంచిదో కాదో వాదించకండి, ఆ గొడవ తెగదు. "రోజంతా అయ్యాక ఈ గంట నాది, దాని మీద నవ్వితే నాకు బాధగా ఉంటుంది" అని నేరుగా చెప్పండి. ఆయనకు ఆసక్తి ఉంటే మీకు నచ్చిన ఒక పేజీ చదివి వినిపించండి, ముందే మంచి మాటకారి హీరోయిన్ ఉన్న పేజీ ఎంచుకోండి. అక్కకు ఏమీ నిరూపించక్కర్లేదు.

నిద్ర గురించి ఒక్క మాట. మీరు రాయలేదు గానీ అందరూ పడుకున్నాక అంటే నాకు అర్థమవుతుంది. అధ్యాయం అయ్యాక ఆపుదామనుకోకండి. ఈ నవలల్లో ప్రతి అధ్యాయం చివరా ఆగనివ్వకుండానే రాస్తారు. అధ్యాయం మధ్యలో, వాళ్లు ఏ ఉత్తరమో చదువుకుంటున్న చోట ఆపితే కళ్లు తేలిగ్గా మూతపడతాయి.

ఇక ఆ తాళం వేసిన గది. మీరు ఆపింది సరైన చోటే, అయితే నాకైతే ఇంకో రెండు అధ్యాయాలు చదవాలనిపిస్తుంది. తాళం పడగానే రచయిత ఎవరి మనసులో ఉందో చూడండి. హీరోయిన్ కోపం పేజీ మీద ఉందా, లేక అతని భుజాల వర్ణనలో మరిచిపోయిందా? ఆ గదిలోంచి ఆమె ఎలా బయటికి వస్తుంది? తనే దారి వెతుక్కుంటుందా, అతనే వచ్చి తలుపు తీసి, తను చేసింది తప్పని నోరు విప్పి ఒప్పుకుంటాడా? "నీ క్షేమం కోసం" అన్నవాడు అసలు ప్రమాదమేమిటో ఆమెకు చెబుతాడా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పూర్తి చేయండి. అతని తప్పును కథ కూడా తప్పనే అనుకుంటోందన్నమాట. అలాంటి నవలల్లో తర్వాతి సీన్లు చాలా బాగుంటాయి, తాళంచెవి ఆమె చేతికి వచ్చే చోటు మరీను. అలా కాక తాళం తీయకుండానే ముద్దు దాకా వెళ్లిపోతే, ఆ పుస్తకం డిలీట్ చేసేయండి. అదే రచయిత ఇంకో నవల ఏదైనా మీకు ముందే నచ్చి ఉంటే దాన్ని మాత్రం ఉంచుకోండి. ఈ ఒక్కదానితో ఆవిణ్ణి పూర్తిగా వదిలేయనక్కర్లేదు. ఆ గదిలోంచి ఆమె ఎలా బయటపడిందో నాకు కూడా రాయండి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.